యువతరానికి కొత్త కొలువు – కొండకు చెప్పవలసిన లెక్క

విద్య ముగించిన యువకుని ఎదుట నిలిచే మొదటి ప్రశ్న జీవనోపాధి. ఒకప్పుడు ఆ ప్రశ్నకు రైల్వే, తపాలా, బ్యాంకు, ఉపాధ్యాయ వృత్తి సమాధానాలుగా ఉండేవి. తరువాతి తరానికి కంప్యూటరు సమాధానమైంది. గడచిన పది పదిహేను సంవత్సరాలలో మన దేశంలో మరొక కొలువు మెల్లగా రూపు దిద్దుకొన్నది. కంపెనీల భాషలో దాని పేరు 'సస్టైనబిలిటీ'. మనము దానిని 'సుస్థిరత' అనుకొందాము. ఒక కంపెనీ తాను వాడే నీరు, కాల్చే ఇంధనం, విడిచే పొగ, పారవేసే వ్యర్థం, తన వద్ద పనిచేసే కార్మికుని క్షేమం, తనకు సరుకు అమ్మే రైతు స్థితి – వీటన్నింటికీ లెక్క కట్టి, ఏటేటా లోకానికి ఒప్పజెప్పి, వాటిని మెరుగుపరచే పని ఇది. ఈ కొలువులో ప్రవేశించడానికి భృతితో కూడిన ఫెలోషిప్ మంచి ద్వారమని మా అభిప్రాయం. అయితే ఆ ద్వారం ఎవరికి తెరచుకొంటున్నది, లోపలికి వెళ్ళినవారు ఎవరికి జవాబుదారులు అనే రెండు ప్రశ్నలున్నవి. కురుపాం కొండలను ఎదుట ఉంచుకొని ఆ రెండింటినీ పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ కొలువు ఎందుకు పుట్టినదో తెలుసుకోవడం అవసరం. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గడచిన మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యాలకు వెచ్చించాలని ఆ సెక్షను శాసించింది. దీనినే సామాజిక బాధ్యత అంటున్నాము. సుస్థిరత దీనికంటె లోతైనది. లాభం వచ్చిన తరువాత దానిలో ఎంత పంచిపెట్టారని మొదటిది అడుగుతుంది. అసలు ఆ లాభం ఎట్లా వచ్చిందని రెండవది అడుగుతుంది. గేటు ముందు పాఠశాల కట్టించి, గేటు వెనుక వాగును కలుషితం చేసే కంపెనీ మొదటి పరీక్షలో ఉత్తీర్ణత పొందవచ్చు గాని రెండవ పరీక్షలో తప్పక తప్పుతుంది. ఈ రెండవ పరీక్షకు ప్రశ్నపత్రం వంటిది 'సెబి' సంస్థ 2021లో ప్రకటించిన నివేదికా విధానం. స్టాకు మార్కెట్టులో విలువను బట్టి మొదటి 1000 స్థానాలలో ఉన్న కంపెనీలన్నీ 2022–23 ఆర్థిక సంవత్సరం నుండి తొమ్మిది సూత్రాల ప్రాతిపదికపై ఈ నివేదికను విధిగా సమర్పించవలసి ఉన్నది. నివేదికలు వ్రాయాలంటే లెక్కలు కావాలి. లెక్కలు కావాలంటే వాటిని సేకరించి సరిచూచే మనుషులు కావాలి. ఆ విధంగా ఈ కొలువులు ఏర్పడినవి.

ఈ పని బ్రహ్మవిద్య కాదని మా విద్యార్థులకు ధైర్యం చెప్పదలచుకొన్నాము. ఒక లీటరు డీజిలు కాలిస్తే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. మన దేశపు గ్రిడ్డు నుండి ఒక యూనిట్ విద్యుత్తు వాడితే, దాని ఉత్పత్తిలో సుమారు 0.7 కిలోల వాయువు వెలువడుతుంది. కనుక ఏడాదికి లక్ష యూనిట్లు ఆదా చేసిన కర్మాగారం దాదాపు 70 టన్నుల వాయువును తగ్గించినట్లు. కంపెనీ స్వయంగా కాల్చిన ఇంధనం మొదటి పద్దు, కొనుగోలు చేసిన విద్యుత్తు రెండవ పద్దు, సరుకు అమ్మేవారి నుండి కొనేవారి వరకు మిగిలిన గొలుసు అంతా మూడవ పద్దు. వాణిజ్యశాస్త్రం చదివినవారికి పద్దుల పుస్తకం, విజ్ఞానశాస్త్రం చదివినవారికి కొలమానం పరిచితములే. కష్టమైనది ఈ మూడవ పద్దు. జీడిపప్పు పొట్లం అమ్మే కంపెనీకి జీడితోట ఆ పద్దులోనిది; చింతపండు రసం అమ్మే కంపెనీకి చింతచెట్టు ఆ పద్దులోనిది. ఆ తోట, ఆ చెట్టు ఉన్న చోటికి ఎవరో ఒకరు నడచి వెళ్ళక తప్పదు.

అనుభవం లేనివారికి ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడిని విప్పే సాధనమే ఫెలోషిప్. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ డిఫెన్స్ ఫండ్ అనే సంస్థ 2008లో క్లైమేట్ కోర్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, విశ్వవిద్యాలయ విద్యార్థులను భృతి ఇచ్చి వేసవి కాలంలో కంపెనీలలో నియమించింది. విద్యుత్తు ఎక్కడ వృథా అవుతున్నదో కనిపెట్టి చెప్పడం వారి పని. మన దేశంలో స్టేట్ బ్యాంకు ఆధ్వర్యంలో 2011లో మొదలైన 'యూత్ ఫర్ ఇండియా' ఫెలోషిప్ పట్టభద్రులను 13 నెలల పాటు పల్లెలలో స్వచ్ఛంద సంస్థలతో కలిసి పనిచేయడానికి పంపింది. కేంద్ర ప్రభుత్వం మహాత్మాగాంధీ పేరిట నడిపిన రెండేళ్ళ ఫెలోషిప్‌లో మొదటి ఏడు నెలకు 50,000, రెండవ ఏడు నెలకు 60,000 రూపాయలు ఇచ్చారు. 2021లో ప్రారంభమైన దాని రెండవ దశలో విశాఖపట్నంలోని ఐ.ఐ.ఎం. కూడా భాగస్వామి. మన రాష్ట్రంలోనే రైతు సాధికార సంస్థ వ్యవసాయ పట్టభద్రులను ప్రకృతి వ్యవసాయ ఫెలోలుగా గ్రామాలకు పంపింది. ఆ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి మరి ఇద్దరితో కలిపి లభించిన సంగతి గమనార్హం. ఇవన్నీ కంపెనీ కొలువులు కావు. కాని కంపెనీలు కోరే అనుభవం వీటిలో లభిస్తుంది.

'భృతితో కూడిన' అను మాటను మేము నొక్కి చెప్పుటకు కారణమున్నది. ఉర్దూలో 'వజీఫా' అన్నా, తెలుగులో భృతి అన్నా, దానిని దానధర్మంగా భావించే అలవాటు ఇంకా మనలో పోలేదు. వాస్తవానికి భృతి ఒక జల్లెడను తొలగిస్తుంది. జీతం లేకుండా ఆరు నెలలు నగరంలో ఉండి పని నేర్చుకొమ్మంటే, తండ్రి సంపాదనపై బ్రతకగలవాడు మాత్రమే నేర్చుకొంటాడు. ఇంటికి నెలనెలా ఎంతో కొంత పంపవలసిన కుమారుడు, చెల్లెళ్ళ చదువు భారం మోసే కుమార్తె ఆ గడప వద్దనే ఆగిపోతారు. అప్పుడు పేదరికాన్ని గురించి, అడవిని గురించి, కూలిని గురించి నివేదికలు వ్రాసే వృత్తిలో పేదవారు గాని అడవి తెలిసినవారు గాని లేకుండా పోతారు. అది ఆ వృత్తికే నష్టం. మా వంటి కళాశాలలలో చదివే విద్యార్థులకు ఇది పుస్తకంలోని విషయం కాదు, ఇంటిలోని విషయం. అందువలన భృతి లేని శిక్షణను ఎంత పెద్ద కంపెనీ చూపినా, దానిని అవకాశమని పిలవడానికి మేము సిద్ధంగా లేము.

ఇక రెండవ ప్రశ్న: ఫెలో ఎవరికి జవాబుదారి? దీనికి సమాధానం వెదకడానికి కురుపాం కంటె తగిన స్థలం అరుదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో, ఒడిశా సరిహద్దుకు చేరువగా, తూర్పు కనుమల ఒడిలో ఉన్న ప్రాంతమిది. ఒకప్పుడు జమీందారీ కేంద్రం. నేడు షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించిన శాసనసభా నియోజకవర్గం. సవరలు, జాతాపులు ఇక్కడి కొండలలో పోడు కొట్టి చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. జీడి, చింత, కొండచీపుర్లు సంతకు తెస్తారు. గెడ్డలు పొంగితే దారులు తెగిపోయే గూడేలున్నవి. రోగిని డోలీ కట్టి మోసుకొనిపోయే దుస్థితి మన్యపు శిఖర గ్రామాలను ఇంకా పూర్తిగా విడువలేదు. బొగ్గుపులుసు వాయువు విడుదలలో అత్యల్ప భాగం ఇటువంటి ఊళ్ళదే. వర్షం గతి తప్పినప్పుడు ముందుగా నష్టపోయేదీ ఇవే. కంపెనీ లెక్కలలో కనిపించే అడవికి, నేలకు, నీటికి అసలు చిరునామా ఇటువంటి ప్రదేశాలే.

అయితే కొండకు లెక్కల పుస్తకం కొత్త కాదు. షావుకారు చేతిలోని అప్పుల పద్దు దానికి బాగా తెలుసు. గిరిజనుని అటవీ ఫలసాయానికి న్యాయమైన ధర ఇప్పించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడవలసి వచ్చినదన్నా, 1960వ దశకం చివర ఈ ప్రాంతాన్ని గిరిజనోద్యమం కుదిపివేసినదన్నా, గిరిజనుని భూమి గిరిజనేతరుని పరం కాకుండా 1959 నాటి నిబంధనను 1970లో మరింత కఠినం చేయవలసి వచ్చినదన్నా, వీటన్నిటి వెనుక తనకు చదవరాని పుస్తకంలో ఇతరులు వ్రాసిన లెక్క ఉన్నది. నేడు టాబ్లెట్ పట్టుకొని వచ్చే యువకుడు ఎంతటి సదుద్దేశంతో వచ్చినా, ఆ చరిత్ర అతనికంటె ముందుగా గూడెం చేరి కూర్చొని ఉంటుంది. తాను వ్రాసుకొన్నది ఏమిటో ఆ ఊరివారికి చదివి వినిపించనంత కాలం అతని పుస్తకానికీ పాత పుస్తకానికీ తేడా వారికి కనిపించదు.

కంపెనీ కొండకు జవాబుదారి కావాలన్న ఆలోచనకు ఈ కనుమలలోనే గట్టి పునాది పడిన సంగతి మన యువకులలో చాలమందికి తెలియదు. కురుపాంకు నైరుతి దిశగా, అనంతగిరి మండలంలో, బొర్రా గుహల పరిసరాలలోని గనుల లీజులపై 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 జులైలో తీర్పు ఇచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్‌ల మెజారిటీ తీర్పు షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని ప్రకటించింది. అంతేకాదు, అటువంటి ప్రాంతాలలో గనుల నుండి వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతాన్ని అక్కడి ప్రజల విద్య, వైద్యం, రహదారులు మొదలైన వాటి కొరకు శాశ్వత నిధిగా కేటాయించాలని, అడవుల పునరుద్ధరణ అందుకు అదనమని పేర్కొన్నది. పార్లమెంటు దేశంలోని పెద్ద కంపెనీలకు 2 శాతం నిర్ణయించడానికి పదహారేళ్ళ ముందు, గనుల సందర్భంలో, కొండ తరఫున 20 శాతం మాట వినబడింది. సుస్థిరత అనునది పడమటి దేశాల నుండి దిగుమతి అయిన ఫ్యాషన్ అని భావించేవారు ఈ తీర్పును ఒకసారి చదువుదురు గాక.

వ్యాపారమూ కొండా పరస్పరం మేలు చేసుకొన్న ఉదాహరణ లేకపోలేదు. 1998లో హైదరాబాదులో స్థాపితమైన నాంది ఫౌండేషన్ అరకు లోయలో గిరిజన రైతుల సహకార సంఘంతో కలిసి కాఫీ సాగును పెంపొందించింది. డానోన్ మొదలైన ఫ్రెంచి కంపెనీలు కలిసి ఏర్పరచిన లైవ్‌లీహుడ్స్ నిధి అక్కడ దాదాపు 30 లక్షల చెట్లు నాటడానికి పెట్టుబడి పెట్టింది. చెట్లు పీల్చుకొన్న వాయువుకు టన్ను లెక్కన కార్బన్ క్రెడిట్లు ఆ కంపెనీలకు చెందుతాయి; పండ్లు, కాఫీ, నీడ రైతులకు చెందుతాయి. 2017లో అరకు కాఫీ పారిస్ నగరంలో దుకాణం తెరచింది; 2019లో అరకు అరాబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇందులో మన విద్యార్థులు గ్రహించవలసినది ఒకటున్నది. నాటిన చెట్టుకు క్రెడిట్ లేదు, బ్రతికిన చెట్టుకే క్రెడిట్. ఎన్ని బ్రతికినవో ఫ్రాన్సులోని కార్యాలయం చెప్పలేదు. కొండ ఎక్కినవారే చెప్పగలరు. ఈ వృత్తిలో నిజాయితీ అంతా ఆ ఎక్కడంలోనే ఉన్నది.

'పచ్చని' పనులన్నీ కొండకు పచ్చనివి కావు అనుటకు కూడా ఈ జిల్లాయే సాక్షి. సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు లభించని వేళలకు విద్యుత్తును నిలువ చేయడానికి, నీటిని పై జలాశయానికి ఎత్తి తిరిగి కిందికి వదలే ప్రాజెక్టులు అవసరమని ఇంజనీర్లు చెప్పుట సత్యమే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సాలూరు వైపు కొండలలో కురుకుట్టి, కర్రివలస అనే చోట్ల 1200, 1000 మెగావాట్ల అటువంటి ప్రాజెక్టులకు ఆమోదం తెలిపింది. భూమి, నీరు ఏమవుతాయోనని అక్కడి గిరిజనులు ఆందోళన వ్యక్తం చేశారు. దేశానికి పొగ తగ్గించే పని ఒక గూడేనికి నేల తగ్గించే పని కావచ్చు. అట్లే, 2018 నుండి కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస ప్రాంతాలలో ఏనుగుల గుంపు సంచరిస్తూ పంటలకు, ప్రాణాలకు నష్టం కలిగిస్తున్నది. ఈ జిల్లాలోనే భామిని మండలంలో 2023 మే నెలలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతానికి బలియైనవి. మనిషి దుఃఖమూ ఏనుగు దుఃఖమూ టన్నులలో కొలవబడవు. టన్నులు మాత్రమే కొలవడం నేర్చిన ఫెలో ఈ రెంటినీ చూడకుండానే నివేదిక పూర్తి చేయగలడు. అదే మా భయం.

కొందరు మిత్రులు దీనికి ఆక్షేపణ చెప్పవచ్చు. కంపెనీల సుస్థిరత గోడకు వేసిన సున్నమేనని, ఏడాది ఫెలోషిప్‌లు కొండను నిచ్చెనగా వాడుకొని నగరపు ఉద్యోగానికి ఎక్కిపోయే సాధనాలని వారి వాదం. ఈ వాదంలో సత్యం లేదనలేము. పల్లెలో పదమూడు నెలలున్నవాడు పదునాలుగవ నెలలో పల్లెను మరచిపోవడం అసంభవమేమీ కాదు. కాని సున్నం వేసిన గోడను గుర్తించాలన్నా ఇటుక తెలిసినవాడు కావాలి. నివేదికలు చట్టప్రకారం ఎట్లాగూ వెలువడుతాయి. వాటిని కురుపాం చూడనివారు వ్రాయడం మేలా, చూచినవారు వ్రాయడం మేలా అన్నదే మన ముందున్న ప్రశ్న. దూరంగా నిలిచి నిందించడం కంటె లోపల నిలిచి సరియైన అంకె వేయడం ఎక్కువ ఫలవంతమని మా విశ్వాసం.

అయితే అట్టి ఫెలోషిప్‌కు కొన్ని నియమాలు ఉండాలి. భృతి నెలనెలా అందాలి. ఇంటికి కొంత పంపగలిగేటంత ఉండాలి. కాలంలో కనీసం సగం, సరుకు పుట్టే చోట గడవాలి. సేకరించిన లెక్కను కంపెనీ డైరెక్టర్ల ముందు ఉంచడానికి ముందు గ్రామసభలో, ఆ ఊరి భాషలో చదివి వినిపించాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు ఇచ్చిన గౌరవాన్ని ఆచరణలో పెట్టడమే ఇది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఫెలోలలో కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట యువతీయువకులు ఉండాలి. ఇంతవరకు కొండవారు లబ్ధిదారుల జాబితాలో కనిపించారు. ఇకపై లెక్క వ్రాసేవారి జాబితాలో కనిపించాలి. పట్టభద్రుడైన సవర యువకుడు తన కొండ లెక్క తానే వ్రాసిననాడు షావుకారు పుస్తకపు నీడ నిజంగా తొలగుతుంది.

మన విద్యార్థులు వెళ్ళే పక్షంలో భాషను మొదటి పరికరంగా తీసుకొనిపోవాలి. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నది గిడుగు రామమూర్తిగారి జన్మదినాన. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు పుస్తకాలు వ్రాసి, బడులు నడిపి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. ఆయనకు ఏ కంపెనీ భృతి ఇవ్వలేదు. అయినను ఈ కొండలకు వెళ్ళే ప్రతి ఫెలోకు ఆయనే ఆదర్శం. కుడి నుండి ఎడమకు ఒక లిపి, ఎడమ నుండి కుడికి మరొక లిపి ఒకే సంచికలో ముద్రించుకొనే పత్రిక మనది. రెండు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థికి మూడవ భాష భయపెట్టేది కాదు. ఎదుటివాని మాటను అతని మాటలలోనే వినడం మనకు ఇంట అబ్బిన విద్య. ఈ కొలువుకు అదే మూలధనం.

దీనికి నేటి నుండే సిద్ధపడవచ్చు. పెద్ద కంపెనీల సుస్థిరతా నివేదికలు అందరికీ ఉచితంగా లభిస్తాయి. ఒకదానిని తీసుకొని, అందులో ఏమి చెప్పారో, ఏమి చెప్పకుండా వదలివేశారో వ్రాసి చూడండి. మన కళాశాల పన్నెండు నెలల కరెంటు బిల్లులను అడిగి తీసుకొని యూనిట్లను 0.7తో గుణించండి. జనరేటరు తాగిన డీజిలును 2.7తో గుణించి కలపండి. వచ్చిన మొత్తాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి, దానిని తగ్గించే ఉపాయాలు ప్రిన్సిపాలుగారికి విన్నవించండి. ఫెలోషిప్ దరఖాస్తులో 'నాకు పర్యావరణమంటే ప్రేమ' అని వ్రాసేవారు వేలమంది ఉంటారు. ఒక భవనపు లెక్క కట్టి చూపించినవారు కొద్దిమందే ఉంటారు.

కొలువు గౌరవం జీతంతో మాత్రమే రాదు. ఆ కొలువు ఎవరి నమ్మకం మీద నిలిచి ఉన్నదో వారి ఎదుట తలెత్తుకొని నిలువగలిగినప్పుడు వస్తుంది. భృతి తీసుకొనండి, అది మీ హక్కు. కంపెనీకి నివేదిక ఇవ్వండి. అది మీ విధి. కాని ఆ నివేదికలోని ప్రతి అంకెను కురుపాం సంతలో, చింతపండు తట్ట ముందు కూర్చొన్న తల్లికి కూడా చదివి వినిపించగలరా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకొనండి. వినిపించగలమని చెప్పగలిగే యువతరం ఇటువంటి కళాశాలల నుండి, ఆ కొండల నుండి కూడా బయలుదేరాలని మా ఆకాంక్ష.